ఆ సన్నని కూత

చోడవరం నుంచి వడ్డాది వెళ్ళే రోడ్డుకి కొంచెం లోపలగా, చెరకు వెయ్యడం మానేసిన ఎర్రమట్టి చేనొకదాన్ని మా కంపెనీ కౌలుకి తీసుకుంది. మందుపాతరల్ని పసిగట్టే చేతి పరికరాన్ని అక్కడ పరీక్షించాలి. యుద్ధం ముగిసిన దేశాల్లో జనం తిరిగి తమ పొలాల్లోకి వెళ్ళేముందు, నేలలో మిగిలిపోయిన పాతరల్ని వెతికి తీసేవాళ్ళుంటారు. మేం చేస్తున్న పరికరం వాళ్ళకోసం. విశాఖపట్నంలో ఒక రేకుల షెడ్డులో నడిచే చిన్న కంపెనీ మాది. నేను అందులో టెస్టింగ్ ఇంజినీరుని. మా ఇల్లు అనకాపల్లిలో. రోజూ బస్సులో వెళ్ళి రాగలదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి పొలం పని నా మీద పడింది.

ముందు నేలలో ఉన్న ఇనుమంతా ఏరెయ్యాలి. తరతరాలుగా దున్నిన చేను. పరికరం తిప్పితే అడుగడుగునా కూసింది. ఎడ్ల లాడాల ముక్కలు, విరిగిన కొడవలి మొనలు, సోడా మూతలు, మేకులు. ఒకసారి నల్లబడిపోయిన వెండి మట్టె దొరికింది. పొలం గలావిడ గట్టు మీద కూర్చుని మా పని చూస్తూ ఉండేది. మట్టెని అరచేతిలో పెట్టుకుని తిప్పి తిప్పి చూసి, "ఇది మా అత్తది గావాల. దీనికోసం ఎంత ఏడిసిందో" అని కొంగున ముడేసుకుంది.

ఆ మర్నాటికి ఊళ్ళో మేం లంకెబిందెల కోసం తవ్వుతున్నామని పుకారు లేచింది. నేను వెళ్ళి అసలు సంగతి చెప్పాను. దాంతో బాంబులు పాతుతున్నామని ఇంకో పుకారు లేచింది. నక్సలైట్లు తిరిగిన ఏజెన్సీ మరీ దూరమేం కాదు, మందుపాతర అంటే ఏమిటో అక్కడ ఎవరికీ వివరించి చెప్పక్కర్లేదు. చివరికి పొలం గలావిడ చేతికే ఒక నమూనా ఇచ్చాను. గుండ్రటి ప్లాస్టిక్ డబ్బా. లోపల మందుకి బదులు గట్టిపడిన మైనం. అసలు పాతరలో ఎంత లోహం ఉంటుందో ఇందులోనూ అంతే పెడతాం. కొన్నిట్లో అది బాల్‌పెన్నులో స్ప్రింగంత కూడా ఉండదు.

ఆవిడ దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసింది.

"ఇంత డబ్బాయేనేటమ్మా మనిషి కాలు తీసేసేది?"

"అవునండీ."

"సేసినోడెవుడో వోడికి పిల్లల్లేరేటి?" అని నాకు తిరిగి ఇచ్చేసింది.

పాతడం ముందే చేశాం. వానలు పడి మట్టి సర్దుకోవాలి. లేకపోతే తవ్విన చోటు కంటికే తెలిసిపోతుంది. తాళ్ళు కట్టి సన్నటి బాటలుగా విడదీశాం. ఇక పరికరం పట్టి నడవడానికి అనుభవం ఉన్న మనిషి కావాలి. రోలుగుంట దగ్గర ఊళ్ళో ఉంటున్న ఒకాయన్ని మా డైరెక్టరు గారు వెతికి పట్టుకున్నారు. సైన్యంలో మందుపాతరలు తీసే పని చేసి రిటైరయ్యాక, శ్రీలంక ఉత్తరాన అదే పని చేసే ఒక సంస్థలో కొన్నేళ్ళున్నారట.

సన్నటి మనిషి. ఇస్త్రీ మడత నలగని పొడుగు చేతుల చొక్కా. మొదటి రోజు నన్ను "మేడమ్" అన్నారు. నేను "బాబాయ్" అనడం మొదలుపెట్టాక "అమ్మా"లోకి దిగారు. బాటలోకి వెళ్ళేముందు చెప్పులు విడిచి, సంచిలోంచి బూట్లు తీసి, లేసులు రెండేసి ముళ్ళు వేసుకునేవారు. బాటలోంచి బయటకి రావాలంటే తాడు దాటి వచ్చెయ్యొచ్చు. ఆయన ఎప్పుడూ అలా రాలేదు. వెళ్ళిన దారినే, వెళ్ళినంత నెమ్మదిగా వెనక్కి వచ్చేవారు.

"ఇక్కడ పేలేదేమీ లేదు కదా బాబాయ్" అన్నాను ఒకసారి.

"నాకు తెలుసమ్మా. కాళ్ళకి తెలీదు."

మధ్యాహ్నం తుమ్మచెట్టు కింద కూర్చుని క్యారేజీలు విప్పేవాళ్ళం. ఆయనకి మళ్ళీ విదేశం వెళ్ళే ప్రయత్నం ఉంది. పాత సంస్థ వాళ్ళు వేరే దేశంలో పని మొదలుపెడుతున్నారట, పర్యవేక్షకుడిగా రమ్మన్నారట. మా దగ్గర పని అయిపోగానే బయల్దేరాలని ఆయన ఆశ. "మీ పిన్నికి ఇష్టం లేదు. ఈ వయసులో ఏటి పేనం మీదకి అంటాది. నాకు ఈ పనొకటే వచ్చు కదమ్మా. చేను నాకన్నా ఆవిడే బాగా సూస్తాది" అనేవారు. ఆ మాటలు చెప్పేటప్పుడు ఆయన మొహం తేటగా ఉండేది. ఆ పొలంలో ఆయన్ని అలా చూసింది ఆ కాస్త సమయమే.

పరీక్షలో పద్ధతి ఇదీ. ఎక్కడ ఏది పాతామో నాకు తెలుసు, ఆయనకి తెలియకూడదు. చెవులకి హెడ్‌ఫోను పెట్టుకుని ఆయన బాట వెంట పరికరాన్ని అటూ ఇటూ తిప్పుతూ సాగాలి. కూత వినిపించిన చోట ఎర్రటి ప్లాస్టిక్ బిళ్ళ పెట్టాలి. ఆయన బయటకి వచ్చాక నేను వెళ్ళి సరిచూడాలి. లోహం ఎక్కువ ఉంటే పరికరం లావుగా, బొంగురుగా కూస్తుంది. తక్కువ ఉంటే సన్నగా, కీచుగా కూస్తుంది. రెంటినీ తేలిగ్గా విడదీసి గుర్తుపట్టొచ్చని మేమే అలా పెట్టాం.

లోహం ఎక్కువ ఉన్నవాటిని బాబాయ్ ఎంత లోతున ఉన్నా వదల్లేదు. స్ప్రింగంత లోహం ఉన్నవాటి మీంచి మాత్రం తిన్నగా దాటిపోయారు. ఒక బాటలో అంటే పొరపాటు అనుకోవచ్చు. అన్ని బాటల్లోనూ అంతే.

మా డైరెక్టరు గారు తప్పు మట్టి మీద పెట్టారు. ఎర్రమట్టిలోనే ఇనుపరజను ఉంటుంది, పరికరం దాన్ని పక్కన పెట్టబోయి సన్న కూతని కూడా మింగేస్తోందన్నారు. అది జరగని సంగతేమీ కాదు. విశాఖపట్నం నుంచి కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది. తర్వాత కొత్త కాయిల్ వచ్చింది. ఫలితం మారలేదు. మధ్యలో వానలు పట్టుకున్నాయి. బాటల్లో నీళ్ళు నిలిచి, తాళ్ళు బురదలో కూరుకుపోయి, మేం చెట్టు కింద టార్పాలిన్ కప్పుకుని కూర్చున్న రోజులున్నాయి. గోవాడ వైపు పోయే లారీల శబ్దం తప్ప ఏమీ వినిపించేది కాదు. ఏళ్ళ తరబడి చేసిన పని పనికిరాకుండా పోతోందన్న దిగులు నాకు పట్టుకుంది. అమ్మ అన్నం పెడితే ఏం తింటున్నానో తెలిసేది కాదు.

బాబాయికి మాత్రం కోపం వచ్చింది. ఒకరోజు నా ఫోన్ తీసుకుని డైరెక్టరు గారితో నేరుగా మాట్లాడారు.

"సార్, మీరు సదువుకున్నోరు. నేను సెప్పకూడదు గానీ, ఈ మిషను ఇచ్చి నేనెవుణ్ణీ నేలలోకి పంపను. నమ్ముకున్నోడు సచ్చిపోతాడు సార్."

ఆ మాటకి డైరెక్టరు గారు ఏమన్నారో నాకు వినబడలేదు. ఫోన్ నాకు ఇచ్చేసి, బాబాయ్ బూట్ల బురద కర్రపుల్లతో గీక్కుంటూ చాలాసేపు కూర్చున్నారు.

వానలు వెలిశాక ఒక ఉదయం హెడ్‌ఫోను తీగ తెగిపోయింది. ఇంకొకటి తెప్పించేలోగా రోజు పోతుంది. పరికరానికి స్పీకరు ఉంది కదా, ఈ పూటకి దాంతో కానిద్దాం అన్నాను. బాబాయ్ బాటలోకి దిగారు. నేను మట్టి తడి ఎంతుందో చూడాల్సి ఉండి పక్కబాటలో ఆయనకి సమంగా నడుస్తున్నాను. పొలం గలావిడ గట్టు మీదే ఉంది.

పరికరం కూసింది. సన్నగా, స్పష్టంగా, గూట్లో పిచ్చుకపిల్ల అరిచినట్టు కూసింది. అక్కడ ఏముందో నాకు తెలుసు. మట్టిలోంచి పరికరం దాన్ని పట్టుకుంది!

బాబాయ్ ఆగలేదు. పరికరాన్ని అటు తిప్పి, ఇటు తిప్పి ముందుకి జరిగారు.

"బాబాయ్, ఆగండి."

టక్కున ఆగిపోయారు. మడమ కూడా కదల్లేదు. "ఏటమ్మా?"

"బిళ్ళ పెట్టలేదేం?"

"ఎక్కడ?"

"వెనకాల. ఇప్పుడు కూసింది కదా."

"ఏది కూసింది?"

ఆయన పరికరాన్ని వెనక్కి తెచ్చారు. అది మళ్ళీ కూసింది. ఆయన నేలవైపు చూడలేదు, నా మొహం వైపు చూశారు.

"ఇప్పుడు కూస్తందా?"

"కూస్తోంది బాబాయ్."

పక్కకి జరిపారు. "ఇప్పుడు?"

"లేదు."

మళ్ళీ దాని మీదకి తెచ్చారు. "ఇప్పుడు కూస్తందా?"

గట్టు మీంచి పొలం గలావిడ అంది, "నాకిక్కడికే ఇనబడతంది కదా బాబూ."

ఆవిడ మామూలుగానే అంది. బాబాయ్ వంగి, స్పీకరుకి చెవి ఆనించి, కళ్ళు మూసుకున్నారు. అది కూస్తూనే ఉంది. కొంతసేపటికి పరికరాన్ని నేల మీద జాగ్రత్తగా పడుకోబెట్టి, వెళ్ళిన దారినే వెనక్కి నడిచి వచ్చి, చెట్టు కింద కూర్చున్నారు. బూట్లు విప్పబోయి ముడి రాక అలాగే వదిలేశారు.

రోజూ పని మొదలుపెట్టేముందు చిన్న ఇనుపముక్క మీద పరికరాన్ని ఆడించి చూసుకోవడం నియమం. అప్పుడు ఆయన తలూపేవారు. కూత విని తలూపుతున్నారని నేననుకున్నాను. చేతిపిడి మీద చిన్న దీపం కూడా వెలుగుతుంది. ఆయన తనకి తెలియకుండానే దీపం చూసి తలూపుతున్నారు. ఎండలో, బాటలో, చూపంతా నేల మీదే పెట్టి నడిచేవాడికి ఆ దీపం కనపడదు.

అనకాపల్లిలో చెవి డాక్టరు దగ్గరకి నన్ను తోడు రమ్మన్నారు. అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోను పెట్టి, శబ్దం వినిపించినప్పుడల్లా వేలెత్తమన్నారు. నేను బయట నుంచి చూస్తున్నాను. మొదట్లో వేలు టకటకా లేచింది. తర్వాత లేవడం మానేసింది. లోపల శబ్దాలు వస్తున్నాయని మీట నొక్కుతున్న అమ్మాయి చేతిని బట్టి నాకు తెలుస్తోంది. ఆయన బుద్ధిగా, వేలు సిద్ధంగా పెట్టుకుని, ఎదురుచూస్తూ కూర్చున్నారు.

డాక్టరు కాగితం మీద గీత చూపించారు. కొంతదూరం తిన్నగా వెళ్ళి, అక్కణ్ణుంచి జారిపోయింది. పేలుళ్ళ దగ్గర, జనరేటర్ల దగ్గర పనిచేసినవాళ్ళకి ముందు సన్న శబ్దాలే పోతాయని, మనుషుల మాటలు బాగానే వినిపిస్తాయి కాబట్టి పోయినట్టు తెలియదని చెప్పారు.

"ఎప్పట్నుంచి పోయిందో సెప్పగలరా డాక్టరు గారూ?"

"ఒక్కరోజులో పోయేది కాదు. ఏళ్ళ నుంచి మెల్లమెల్లగా పోతుంది."

"నేను శ్రీలంకలో ఉన్నప్పుడు... అప్పటికే పోయిందేటి?"

"పోయుండొచ్చు. పోకపోయీ ఉండొచ్చు. అప్పటి పరీక్ష ఏదైనా ఉంటే చెప్పగలను. ఇప్పుడు చూసి చెప్పలేం."

శ్రీలంకలో పని చేసినన్నాళ్ళూ, చెవుల పరీక్ష అంటే అక్కడి వైద్యుడు పేరు పెట్టి పిలిచి, పలికితే సరే అనేవాడట. బాబాయ్ ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

బస్సుల కాంప్లెక్సు ఎదురుగా టీ తాగడానికి కూర్చున్నాం. టీ చల్లారిపోతోంది. ఆయన చెప్పడం మొదలుపెట్టారు. నేను అడగలేదు.

"అక్కడొక తాటితోపు ఉందమ్మా. దాని పక్కన చేను. మా జట్టు ఆ చేనంతా వెతికి తీసేం. అందులో కొన్ని బాటలు నాయి. బాగుందని ఊరోళ్ళకి అప్పజెప్పేసేం. ఓ పండగలాగ సేసేరు. తర్వాత ఓ వానాకాలం అయింది. ఒకావిడ వేరుశెనగ వేద్దారని గునపం పట్టుకుని దిగింది. కాలు పోయింది."

"మీ బాటలోనా?"

"మా బాటలకీ పక్కోడి బాటలకీ మజ్జిన. గుంట పడిపోయాక ఎవుడిదో ఏటి తెలస్తాది? పెద్దోళ్ళు వచ్చి సూసేరు. వాన నీటికి పైనుంచి కొట్టుకొచ్చుంటాదని రాసేరు. అలాగ వస్తాయమ్మా, నేను సూసేను. నేనూ అదే అనుకున్నాను. నిద్దర పట్టేది."

ఆయన గ్లాసు చుట్టూ రెండు చేతులూ పెట్టుకున్నారు.

"ఆస్పత్రికెళ్ళి సూసేను ఆవిణ్ణి. తిడతాదనుకున్నాను. నాకు అరవం కొంచెమే వచ్చు. ఆవిడ ఒకటే అడిగింది. ఇంకా ఉన్నాయా, అని. లేవమ్మా, నేను సూసేను, లేవు, అని సెప్పేను." గ్లాసు పక్కకి జరిపారు. "ఆ మిషను కూత కూడా సన్నంగానే ఉండీదమ్మా."

నీటికే వచ్చుంటుంది బాబాయ్ అన్నాను. ఆయన నా మాట విన్నట్టే తలూపారు. చెయ్యి పట్టుకుందామనుకున్నాను గానీ పట్టుకోలేదు. రోలుగుంట వైపు బస్సు వస్తే ఎక్కించి నేను ఇంటికి వెళ్ళిపోయాను.

మర్నాడు ఆయనే ఫోన్ చేశారు. "రిపోర్టులో ఉన్నదున్నట్టు రాసీ అమ్మా. మిషను బాగానే ఉంది, మనిషిదే లోపం అని రాయి. నేనేటీ అనుకోను." అలాగే రాశాను. లోపం అన్న ఆయన మాట మాత్రం వాడలేదు, సన్న శబ్దాలు ఆయనకి వినపడవని నా మాటల్లో రాశాను. సన్న కూత కొందరికి వినపడకపోవచ్చని మేం ముందే ఆలోచించవలసిందని కూడా రాశాను.

డైరెక్టరు గారికి ప్రాణం లేచొచ్చింది. "అయితే మిషను పనిచేస్తోందన్నమాట!" అన్నారు ఫోన్‌లో. ఆ గొంతులో సంతోషం వింటే నాకు ఒళ్ళు మండింది. అంతలోనే, ఆయన ఇల్లు తాకట్టు పెట్టి ఈ పని నడుపుతున్నారని గుర్తొచ్చి ఊరుకున్నాను. బాబాయ్ నడిచిన ఫలితాలన్నీ పక్కన పెట్టేసి, వేరే మనిషిని తెచ్చి మొదటి నుంచీ మళ్ళీ చేశాం. ఆ ఎర్రమట్టిలోనే, ఆ బాటల్లోనే, బాబాయ్ దాటిపోయినవాటినే పరికరం పట్టుకుంది. ఎర్ర బిళ్ళలు పెట్టాల్సిన చోటే పడుతున్నాయి. ఎన్నాళ్ళుగానో ఎదురుచూసిన రోజు అది. నేను తుమ్మచెట్టు కింద ఒక్కదాన్నే క్యారేజీ విప్పుకుని, మూత పెట్టేశాను.

"ఆ బాబు మరి రాడేటమ్మా?" అని అడిగింది పొలం గలావిడ.

"రారండీ. ఆరోగ్యం బాగాలేదు."

"నాను అనకూడని మాట అనీసేనేటి?"

లేదని చెప్పాను. ఆవిడ నమ్మలేదు. మరో రెండుసార్లు అదే అడిగింది.

తర్వాత మేం కూతని లావు చేశాం. పాతర తగిలితే చేతిపిడి కూడా అదిరేట్టు చేశాం. పరికరం ఆన్ చెయ్యగానే ముందు కొన్ని శబ్దాలు చేస్తుంది, పట్టుకున్నవాడు ఒక్కోదానికీ మీట నొక్కితే గానీ పని మొదలుపెట్టదు. ఇవన్నీ బాబాయికి ఫోన్‌లో చెప్పాను. "మంచిదమ్మా" అన్నారు.

ఆయన విదేశం ప్రయత్నం మానుకున్నారు. పాత సంస్థకి ఫోన్ చేసి, చెవి సంగతి చెప్పి, తను నడిచిన నేలంతా మళ్ళీ చూడమని అడిగారు. ముందు వాళ్ళు ఏవో సర్దుబాటు మాటలు చెప్పారట. జనం పంటలు వేసుకున్నారు, ఇన్నాళ్ళయి ఎవరికీ ఏమీ కాలేదు, కంగారు పడకండి అన్నారట. ఈయన వదల్లేదు. డాక్టరు ఇచ్చిన కాగితం పంపారు. వారం వారం ఫోన్ చేశారు. ఆ సంగతులు నాకు పిన్ని చెప్పేది. "ఫోను పక్కనెట్టుకుని కూకుంటారమ్మా. అన్నం కూడా అక్కడికే తెమ్మంటారు. మా చేలోకెళ్ళినా కాళ్ళ కిందే సూసుకుని నడుస్తన్నారు" అని ఒకసారి ఏడ్చింది.

వరికోతలు అవుతుండగా రోలుగుంట వెళ్ళి ఆయన్ని చూశాను. చిక్కిపోయారు. గడ్డం పెరిగింది. చొక్కాకి ఇస్త్రీ లేదు. నన్ను చూసి సంతోషించారు. అరుగు మీద చాప వేసి కూర్చోబెట్టారు. పిన్ని అరటిపళ్ళు తెచ్చి పెట్టింది.

"కబురొచ్చిందమ్మా" అన్నారు. "మళ్ళీ సూసేరంట. తాటితోపు పక్క చేను మొత్తం. నా బాటలన్నీ, పక్కోడివి కూడాను."

"ఏం దొరికాయి?"

"ఏటీ లేవంట. మేకులూ రేకుముక్కలూ, అంతే."

"ఇంకేం బాబాయ్! మంచి కబురే కదా."

"మంచిదే." ఆయన అరటిపండు ఒలిచి నా చేతిలో పెట్టారు. "ఎవుళ్ళకీ ఏటీ అవ్వదిక. అది మంచిదే." తొక్క అరుగు కింద దూడకి విసిరారు. "అంటే అంత నేలలో మిగిలిందల్లా అదొక్కటేనమ్మా. ఆవిడ సరిగ్గా దాని మీదే అడుగేసింది."

గుమ్మంలోంచి పిన్ని అంది, "నీటికి కొట్టుకొచ్చిందని ఆళ్ళే రాసేరు గదా. పెద్దోళ్ళు రాసింది అబద్దమవుతాదేటి?"

"రాసేర్లే" అన్నారు బాబాయ్.

లేచి, ఎండలోకి వచ్చేసిన దూడని నీడకి మార్చి కట్టడానికి పెరట్లోకి వెళ్ళారు. చాలాసేపు తిరిగి రాలేదు. నేనూ పిన్నీ వాళ్ళ అమ్మాయి ఉద్యోగం గురించీ, ఈసారి వరి దిగుబడి గురించీ మాట్లాడుకున్నాం. బస్సు వేళ అయిపోతుంటే పెరట్లోకి వెళ్ళి, ఇక వస్తానని ఆయనతో చెప్పాను. ఆయన దూడ మెడ గోకుతూ నిలబడి ఉన్నారు. "జాగర్తగా ఎల్లమ్మా" అన్నారు.